హవ్వా అంటే జీవం: ఆదికాండంలో పేర్లు, తల్లితనం

హవ్వా అనే పేరు ఖురాన్‌లో ఎక్కడా లేదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు, ముస్‌హఫ్ తెరిచి వెతుకుతారు. సూరా బఖరా, సూరా ఆరాఫ్, సూరా తాహా, మూడు చోట్లా హజ్రత్ ఆదం (అలై) ప్రస్తావన వస్తుంది, ఆయన భార్య ప్రస్తావనా వస్తుంది, కానీ ఆమెను ‘జౌజ్’ అనే అంటారు, అంటే జంట, జీవిత సహచరి. హవ్వా అనే పేరు మనకు హదీసుల ద్వారా, తఫ్సీర్ల ద్వారా వచ్చింది. ఆ పేరు, దాని అర్థంతో సహా, యూదుల క్రైస్తవుల గ్రంథంలో మొదటి పుస్తకమైన ఆదికాండంలో ఉంది. మూడో అధ్యాయం 20వ వచనం.

ఆదికాండం తౌరాత్‌లో మొదటి భాగమని యూదులు, క్రైస్తవులు భావిస్తారు. అల్లాహ్ తౌరాత్‌ను అవతరింపజేశాడని మనం విశ్వసిస్తాం. ఇప్పుడు చేతుల్లో ఉన్న పాఠం మొత్తం యథాతథంగా అదేనని మాత్రం మన ఉలమాలు ఒప్పుకోరు. అయినా ఆ కథ చదివి తెలుసుకోవాల్సిన అవసరం మనకుంది. ఎందుకంటే అందులోని ఒక ముక్క మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. కాన్పు నొప్పులతో అల్లాడే ఆడపిల్లతో “ఏం చేస్తాం బేటీ, హవ్వా అమ్మ చేసిన తప్పుకు మనమంతా అనుభవించాల్సిందే” అనే నానీలు, దాదీలు ఇప్పటికీ ఉన్నారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట ఖురాన్‌ది కాదు. ఎక్కడిదో, ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆ కథలోని పేర్ల దగ్గరికి వెళ్లాలి.

మట్టి నుంచి వచ్చిన పేరు

ఆదికాండం హీబ్రూ భాషలో ఉంది. హీబ్రూ, అరబీ ఒకే తల్లి పిల్లల లాంటి భాషలు. హీబ్రూలో ‘ఆదామ్’ అంటే మనిషి, ‘అదామా’ అంటే నేల, సాగుచేసే మట్టి. రెండో అధ్యాయం ఏడో వచనంలో దేవుడు అదామా నుంచి ఆదామ్‌ను చేస్తాడు. వినేవాడికి ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి మోగుతాయి. ఎరుపును చెప్పే ‘అదోమ్’ కూడా ఇలాగే ధ్వనిస్తుంది. మన పెద్ద తఫ్సీర్లలోనూ ఇలాంటి వివరణే ఉంది: ఆదం అనే పేరు ‘అదీముల్ అర్జ్’ నుంచి, అంటే భూమి పైపొర నుంచి వచ్చిందని. అబూదావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఒక హదీసు ఉంది. అల్లాహ్ ఆదం (అలై)ను భూమి అంతటి నుంచి తీసిన గుప్పెడు మట్టితో చేశాడు, అందుకే ఆయన సంతానంలో ఎర్రవారు, తెల్లవారు, నల్లవారు, ఈ మధ్య రంగులవారు ఉన్నారు అన్నది దాని సారాంశం. పెళ్లి సంబంధాల్లో అమ్మాయి రంగు అడిగేవాళ్లకు ఈ హదీసు ఒకసారి వినిపించాలి.

ఇంకో విషయం. ఆదికాండంలో ఆదామ్ మొదట ఒక మగవాడి సొంత పేరు కాదు. అయిదో అధ్యాయం రెండో వచనం చూడండి. దేవుడు వారిని మగగా, ఆడగా సృష్టించి ఇద్దరికీ కలిపి ఆదామ్ అని పేరు పెట్టాడని ఉంటుంది. అంటే ఆమె కూడా ఆదామే. ఉర్దూలో ‘ఆద్మీ’ అన్న మాట ఈ పేరు నుంచే పుట్టింది. మనం దాన్ని మగవాడికే ఎక్కువగా వాడేస్తున్నాం గానీ, అసలు అర్థం ఆదం సంతానం, మనిషి.

పేర్లు పెట్టే పని ఎవరిది అనే దగ్గర రెండు గ్రంథాలూ వేరుపడతాయి. ఆదికాండంలో దేవుడు జంతువులను, పక్షులను ఆదాము ముందుకు తెస్తాడు, అతను ఏమంటాడో చూస్తాడు, అతను పిలిచిందే పేరవుతుంది. సూరా బఖరా 31వ ఆయత్‌లో అల్లాహ్‌యే ఆదం (అలై)కు పేర్లన్నీ నేర్పుతాడు. ఫరిష్తాలు తమకు తెలియదని ఒప్పుకుంటారు. ఒకచోట మనిషి సొంతంగా పలికిన మాట, ఇంకోచోట మనిషికి అమానతుగా అందిన ఇల్మ్.

నరుడు, నారి

ఆమెకు ఆ కథలో రెండు పేర్లున్నాయి. మొదటిది తోటలో ఉన్నప్పటిది. నిద్రలోంచి లేచిన ఆదాము ఆమెను చూసి ‘ఇష్షా’ అంటాడు, తనను ‘ఈష్’ అనుకుంటాడు. ఈష్ అంటే పురుషుడు, ఇష్షా అంటే స్త్రీ. ఈ మాటల ఆట చాలా భాషల్లోకి రాలేదు. తెలుగు బైబిల్ అనువదించినవారికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. నరుడు, నారి అని రాశారు, హీబ్రూలో ఉన్న ఆటంతా తెలుగులో నిలబడింది. భాషా పండితులైతే ఈష్, ఇష్షా రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టలేదని, ఇష్షాకు చుట్టం అరబీలోని ‘ఉన్సా’ (ఆడది) అని చెబుతారు. కథకు మాత్రం చెవికి వినిపించిన పోలికే చాలు.

పక్కటెముక సంగతి కూడా ఇక్కడే వస్తుంది. హీబ్రూ మాట ‘సేలా’. అదే గ్రంథంలో ఇతర చోట్ల దాన్ని పేటిక పక్క, గుడారం పక్క అనే అర్థంలో వాడారు. అందుకని ఎముక అని కాకుండా పక్క భాగం, సగం అని చదవాలనే వారూ ఉన్నారు. ఖురాన్‌లో పక్కటెముక మాట లేదు. బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది, అయితే అక్కడ అది వచ్చేది స్త్రీలతో మంచిగా మెలగండి అన్న ఉపదేశంలో. సగం చెప్పి సగం దాచేవాళ్లు ఎముక వంకర గురించి మాత్రమే చెబుతారు.

హవ్వా

రెండో పేరు ఎప్పుడొచ్చిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పండు తిన్నారు, విచారణ జరిగింది, తీర్పు వచ్చింది. స్త్రీకి గర్భం, కాన్పు కష్టంతో కూడుకున్నవి అవుతాయి. పురుషుడికి నేల ముళ్లు మొలిపిస్తుంది, చెమటోడ్చి తినాలి, చివరికి మట్టిలో కలవాలి. మరణం ఆ ఇంట్లో తీర్పుగా వినబడిన ఘడియ అది. సరిగ్గా దాని తర్వాతి వచనంలోనే ఆదాము తన భార్యకు హవ్వా అని పేరు పెడతాడు. కారణం కూడా అక్కడే ఉంది: ఆమె బతికి ఉన్నవారందరికీ తల్లి.

అప్పటికి ఒక్క బిడ్డ కూడా పుట్టలేదు. గర్భం దాల్చిందన్న మాట కూడా తర్వాతి అధ్యాయంలో గానీ రాదు. అయినా తల్లి అన్నాడు. ‘నువ్వు మట్టివి’ అన్న మాట విని, భార్య వైపు తిరిగి ‘నువ్వు జీవం’ అన్నాడు. తప్పు ఆమెదేనని కాసేపటి క్రితం వేలెత్తి చూపినవాడు కూడా అతనే. ఆదికాండం ఆ మార్పును వివరించదు, పేరు మాత్రం చెప్పి ముందుకు వెళ్తుంది. నా దృష్టిలో ఆ కథ మొత్తంలో అన్నిటికన్నా బరువైన వచనం ఇదే. మరణం గురించిన తీర్పుకు మనిషి ఇచ్చిన మొదటి జవాబు తల్లి అన్న మాట.

భాషాపరంగా హవ్వా అనే పేరు ‘హై’ (జీవం ఉన్న) అనే మాటతో కలుస్తుంది. అల్లాహ్ పేర్లలో ‘అల్ హయ్యు’ మనకు తెలిసిందే. హయాత్, యహ్యా అదే కుటుంబం. హైవాన్ కూడా. ఉర్దూలో హైవాన్ అంటే పశువు అని తిట్టు అయిపోయింది గానీ, సూరా అన్‌కబూత్ 64వ ఆయత్‌లో పరలోకపు అసలైన జీవితాన్ని చెప్పడానికి వాడిన మాట అదే. ఇక ఆయిషా వేరే ధాతువు నుంచి వచ్చినా, ఆ పేరుకూ జీవించేది అనే అర్థం. అంటే హవ్వా అనే పేరు పెట్టడానికి వెనకాడే తల్లిదండ్రులు, ఇంచుమించు అదే అర్థం ఉన్న పేరును సంతోషంగా పెడుతున్నారన్నమాట.

మన తఫ్సీర్లలోనూ ఈ పేరుకు రెండు వివరణలు కనిపిస్తాయి. ఒకటి, ప్రాణమున్న వాడి నుంచి (హై) పుట్టింది గనుక హవ్వా. ఫరిష్తాలు ఆదం (అలై)ను ఆమె పేరేమిటని అడిగితే ఆయన ఇలా చెప్పారని తబరీ ఉల్లేఖించారు. రెండోది ప్రాణమున్న వారందరికీ తల్లి అని. ఇది ఆదికాండం ఇచ్చిన అర్థమే.

ఈ పేరు పడమటి భాషలకు వెళ్లేసరికి అర్థం జారిపోయింది. పాత గ్రీకు అనువాదకులు 3:20లో శబ్దాన్ని వదిలి అర్థాన్ని పట్టుకున్నారు, ‘జోయె’ అని రాశారు, అంటే జీవం. మళ్లీ నాలుగో అధ్యాయంలో శబ్దాన్ని పట్టుకుని ‘ఎవా’ అన్నారు. లాటిన్ దాటి ఇంగ్లీషుకు చేరేసరికి అది ఈవ్ అయింది. ఈవ్ అంటే ఇంగ్లీషు చదివే పిల్లకు ఏ అర్థమూ తోచదు. తెలుగు బైబిల్‌లో మాత్రం హవ్వ అనే ఉంది. మన హవ్వాకూ, పక్కింటి క్రైస్తవుల హవ్వకూ తేడా ఒక దీర్ఘమే. ఆదం, ఆదాము అంతే.

ఒక చిన్న జాగ్రత్త. పాపకు ఈ పేరు పెడితే జనన ధ్రువపత్రంలో వత్తు తప్పకుండా రాయించండి. వత్తు పోతే హవా అవుతుంది, ఉర్దూలో గాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు కూడా ఒక అక్షరం తగ్గిందంటే ఇదే గొడవ. పాస్‌పోర్టు దాకా వెళ్తే దిద్దించుకోవడం కష్టం.

జిద్దా గురించి కూడా ఒక మాట. ఉమ్రాకు, హజ్‌కు వెళ్లినవారు, అక్కడ ఉద్యోగాలు చేసినవారు ఆ ఊరి పేరు ‘జద్దా’ (నానమ్మ, అమ్మమ్మ) నుంచి వచ్చిందని, హవ్వా అమ్మ సమాధి అక్కడే ఉందని వినే ఉంటారు. ఆమె పేరు మీద అక్కడ ఒక ఖబరస్తాన్ ఉన్న మాట నిజం. ఆమెదిగా చెప్పిన సమాధి కట్టడాన్ని 1928లో కూల్చేశారు. భాషా పండితులు మాత్రం ఊరి పేరుకు సముద్రపు ఒడ్డు అనే అర్థాన్ని చెబుతారు. సమాధి సంగతికి ఖురాన్‌లో గానీ, ప్రామాణిక హదీసులో గానీ ఆధారం లేదు.

నొప్పి శిక్షా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆదికాండం 3:16లో స్త్రీకి చెప్పిన కష్టానికి వాడిన హీబ్రూ మాట ‘ఇత్సావోన్’. తర్వాతి వచనంలో పురుషుడు నేలతో పడే కష్టానికీ అదే మాట వాడారు. అంటే మూలంలో ఇద్దరి శ్రమకూ ఒకటే పేరు. చాలా అనువాదాల్లో మాత్రం ఆమెది వేదన, అతనిది ప్రయాస అయింది.

ఈ తేడా మాటలతో ఆగలేదు. 1847లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పులో క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. నొప్పి దేవుడి శాసనం, దాన్ని తగ్గించడం తప్పు అనే అభ్యంతరాలకు జవాబుగా ఆయన అదే ఏడాది ఒక చిన్న పుస్తకమే రాశాడు. అందులో హీబ్రూ మాటల అర్థాన్ని పట్టుకుని వాదించాడు: అది నొప్పి కాదు, శ్రమ అని. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం తీసుకున్నాక గొడవ చాలావరకు సద్దుమణిగింది. దీనికి మన హైదరాబాద్‌తోనూ ఒక సంబంధం ఉంది. క్లోరోఫాం ప్రాణానికి ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు.

ఖురాన్ ఈ విషయాన్ని చెప్పే తీరు వేరు. సూరా ఆరాఫ్‌లో షైతాన్ ఇద్దరినీ మోసగిస్తాడు, ఇద్దరూ తింటారు, ఇద్దరూ కలిసి తౌబా చేస్తారు. మనం చేసే ‘రబ్బనా జలమ్నా’ దుఆ ఆ ఇద్దరిదీ. సూరా తాహాలో అయితే జన్నత్ నుంచి బయటకు వెళ్తే నువ్వు కష్టపడతావు అనే హెచ్చరికలో ‘నువ్వు’ ఏకవచనం, ఆదం (అలై)కే. కాన్పు నొప్పి శిక్ష అన్న మాట ఒక్క ఆయత్‌లోనూ లేదు.

మరి మన ఇళ్లలోకి ఎలా వచ్చింది? తబరీ వంటి పాత తఫ్సీర్లలో వహబ్ బిన్ మునబ్బిహ్ లాంటివారి పేరు మీద ఆదికాండంతో పోలికలున్న కథనాలు కొన్ని చేరాయి. ఉలమాలు వీటిని ఇస్రాయీలియాత్ అంటారు. అక్కడి నుంచి ఖససుల్ అంబియా కథల పుస్తకాల్లోకి, వాటి నుంచి వంటింటి కబుర్లలోకి దిగాయి. బుఖారీలో హవ్వా పేరు వచ్చే ఒక హదీసు ఉందని ఎవరైనా గుర్తుచేయవచ్చు. ఉంది. చెట్టు దగ్గర ఆమె భర్తను ప్రోత్సహించిన సంగతికి అది సూచన అని ఇబ్న్ హజర్ వివరించారు. అందులో కూడా కాన్పు నొప్పి ఊసు లేదు. అదే బుఖారీలో ఇంకోటి చూడండి. హజ్ ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)కు నెలసరి వచ్చి ఏడుస్తుంటే ప్రవక్త (స) ఆమెను ఓదారుస్తారు, ఇది అల్లాహ్ ఆదం కూతుళ్లకు రాసిపెట్టిన విషయం అని. హవ్వా తప్పు అనలేదు, ఆదం కూతుళ్లు అన్నారు.

తల్లి పడే కష్టాన్ని ఖురాన్ దాచదు. సూరా లుఖ్మాన్ 14లో బలహీనత మీద బలహీనత, సూరా అహ్ఖాఫ్ 15లో కష్టంతో మోసింది, కష్టంతో కన్నది. కానీ ఆ కష్టం బిడ్డ మీద తల్లికి ఉన్న హక్కుగా లెక్కకు వస్తుంది. కాన్పు దృశ్యమే చూడాలంటే సూరా మర్యం ఉంది. ఖర్జూర చెట్టు మొదట్లో ఒంటరిగా నొప్పులు పడుతూ, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని ఆమె అంటుంది. దానికి వచ్చిన జవాబు మందలింపు కాదు. దుఃఖపడకు, కింద సెలయేరు ఉంది, చెట్టు ఊపు, పండ్లు రాలతాయి, తిను, తాగు. కాన్పులో ప్రాణం పోయిన స్త్రీని షహీదుగా లెక్కించే హదీసు కూడా అందరికీ తెలిసిందే.

హీబ్రూలో గర్భసంచిని ‘రెహెమ్’ అంటారు, దయను ‘రహమీమ్’ అంటారు. అరబీలో రహిమ్, రహ్మత్. రహిమ్ అనే పేరును తన ‘రహ్మాన్’ నుంచే తీసి ఇచ్చానని అల్లాహ్ చెప్పిన హదీసె ఖుద్సీ తిర్మిజీలో ఉంది. ఇక తల్లికి హీబ్రూ మాట ‘ఎమ్’, అరబీలో ‘ఉమ్మ్’, మనకు అమ్మ. తెలుగు వేరే కుటుంబం భాష కాబట్టి ఇది చుట్టరికం కాదు, పసివాళ్ల నోటికి మొదట అందే అక్షరాల మహిమ.

బిడ్డల పేర్లు

తోట నుంచి బయటికొచ్చాక పేర్లు పెట్టే పని హవ్వా చేతికి వస్తుంది. మొదటి కొడుకు ‘కాయిన్’, తెలుగు బైబిల్‌లో కయీను, మనకు ఖాబీల్. దేవుడి తోడుతో ఒక మనిషిని సంపాదించానని తల్లి అంటుంది. సంపాదించానని ఆమె వాడిన క్రియ, కాయిన్ పేరు ఒకేలా ధ్వనిస్తాయి. అదే క్రియను పద్నాలుగో అధ్యాయంలో భూమ్యాకాశాలకు దేవుడి యాజమాన్యం చెప్పడానికి వాడారు. చిన్న మాట కాదు. బిడ్డ అనలేదు, మనిషి (ఈష్) అంది.

రెండోవాడు హాబీల్. హీబ్రూలో ‘హెవెల్’, అంటే ఊపిరి, ఆవిరి, ఇట్టే మాయమయ్యేది. ఈ పేరుకు తల్లి నోట ఏ వివరణా లేదు. పేరులోనే అతని బతుకు ఉంది, అన్న చేతిలో చనిపోయాడు. సూరా మాయిదాలో ఈ అన్నదమ్ముల కథ ఉంది గానీ పేర్లు లేవు, ఆదం ఇద్దరు కొడుకులు అని మాత్రమే. అక్కడ శవాన్ని పాతిపెట్టడం కాకి చూపిస్తుంది.

ఆ తర్వాత మూడో బిడ్డ, ‘షేత్’, మనం హజ్రత్ షీస్ (అలై) అంటాం. కాయిన్ చంపిన హాబీల్‌కు బదులు దేవుడు నాకు ఇంకో సంతానాన్ని నియమించాడని హవ్వా అంటుంది. పేరుకు ఆధారం ఆ ‘నియమించాడు’ అన్న క్రియే. ఒక కొడుకు పోయాడు, పోగొట్టినవాడు ఇంకో కొడుకు. ఆ తల్లి ఇద్దరి పేర్లూ ఒకే వాక్యంలో చెప్పి మూడోవాడికి పేరు పెట్టింది. ఆదికాండంలో ఆమె మాట్లాడటం మనం చివరిసారి వినేది ఇక్కడే. అయిదో అధ్యాయంలో అదే షేత్‌కు పేరు పెట్టింది ఆదాము అని ఉంటుంది. బహుశా ఇద్దరూ కలిసి పెట్టి ఉంటారని కొందరు సర్దిచెబుతారు, రెండు వేర్వేరు పాత కథనాలు పక్కపక్కన చేరాయని పరిశోధకులు అంటారు.

పాప పుడితే పేరు ఎవరు పెట్టాలి, దాదాదా నానాదా అని అఖీఖా నాటికి తగవులు పడే ఇళ్లు మనకు తెలుసు. అందులో తల్లిని అడిగేవాళ్లు తక్కువ. ఖురాన్‌లో ఒక తల్లి తన బిడ్డకు పేరు పెట్టిన సందర్భం ఉంది, సూరా ఆలె ఇమ్రాన్ 36వ ఆయత్. కడుపులోని బిడ్డను అల్లాహ్ సేవకు మొక్కుకున్న ఇమ్రాన్ భార్య, తీరా ఆడపిల్ల పుట్టేసరికి, నేను ఈమెకు మర్యం అని పేరు పెట్టాను అని తన రబ్బుతోనే చెప్పుకుంటుంది. ఆ వెంటనే ఆ పాపకు, పాపకు పుట్టబోయే సంతానానికి షైతాన్ నుంచి కాపుదల కోరుతుంది. తర్వాతి ఆయత్‌లో ఆమె రబ్బు ఆ పాపను చక్కగా స్వీకరించాడని ఉంది.